ఐదుగురికి డబ్బు, పదకొండు మందికి ఉచితం: ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో పెయిడ్, ఫ్రీ యూజర్లను కలపొచ్చా?

మా ఆఫీసు ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉంది. గ్రానైట్ ఎగుమతి వ్యాపారం. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ బ్లాకు కొన్న రోజు మొదలు, అది కోతకెళ్లి, పాలిష్ అయి, స్లాబులు బండిళ్లుగా కంటైనర్ ఎక్కి చెన్నై పోర్టు దాటేదాకా ఏ పని ఎవరి దగ్గర ఆగిందో చూసుకోవడం నా ఉద్యోగం. ఆఫీసులో ఉండేది ఐదుగురం. పనిలో చెయ్యి పడేది మాత్రం పదహారు మందిది: మేం ఐదుగురం, యార్డు సూపర్‌వైజర్లు ఇద్దరు, పాలిష్ యూనిట్ల వాళ్లు ముగ్గురు, ట్రాన్స్‌పోర్టు ఇద్దరు, చెన్నైలో కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు ఒకరు, క్వారీ వైపు ఒకరు, కొనేవాళ్ల తరఫున స్లాబులు చూడ్డానికి వచ్చే ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు.

వాట్సాప్ గ్రూపులో పనులు తప్పిపోతున్నాయి, ఏదన్నా సాఫ్ట్‌వేర్ తీసుకుందాం అనగానే మా సార్ అడిగిన మొదటి మాట, "పదహారు మందికీ కట్టాలా?"

అక్కర్లేదు. అలాగని ఐదుగురిని పెయిడ్‌లో, పదకొండు మందిని ఫ్రీలో పెట్టేద్దామంటే అదీ కుదరదు. చాలా సాఫ్ట్‌వేర్లలో ప్లాన్ వర్క్‌స్పేస్ (టీమంతా కలిసి పనిచేసే ఉమ్మడి ఖాతా) మొత్తానికి ఉంటుంది. అప్‌గ్రేడ్ నొక్కామంటే అందులో సభ్యులుగా ఉన్నవాళ్లందరికీ కలిపి బిల్లు వస్తుంది. మనకు దొరికే సందు వేరే ఉంది. బయటివాళ్లను సభ్యులుగా చేర్చకుండా గెస్టులుగానో వ్యూయర్లుగానో (చూడటం వరకే) పిలవడం. రేషన్ కార్డులో పేరున్నవాళ్లు ఒక లెక్క, పండక్కి వచ్చిన చుట్టాలు ఒక లెక్క. చుట్టానికి అన్నం పెడతాం, కార్డులో పేరెక్కించం. చిక్కేమిటంటే, చుట్టమంటే ఎవరో ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రకంగా చెబుతుంది.

## సాఫ్ట్‌వేర్ కంటే ముందు మనుషుల లిస్టు

ప్రైసింగ్ పేజీలు తెరవకముందు ఒక కాగితం తీసుకుని పనిలో ఉన్న ప్రతి ఒక్కరి పేరూ రాయండి. ఒక్కో పేరు పక్కన నాలుగు సంగతులు రాయాలి.

మొదటిది, ఆ మనిషి చేసే పని. కొత్త పనులు పుట్టించి, తేదీలు వేసి, ఇంకొకరికి అప్పగించేవాళ్లు కొందరు. తమకిచ్చిన పని అయ్యాక టిక్ పెట్టి, ఫొటో ఎక్కించేవాళ్లు కొందరు. కొందరు ఊరికే చూస్తారు. ఇంకొందరు అసలు లోపలికి రానక్కర్లేదు, ఫోన్ చేస్తే చాలు. మా పదహారు మందిలో మొదటి రకం ఐదుగురే. మీ లిస్టులో కూడా ఈ రకం మీరనుకున్నదాని కంటే తక్కువే తేలొచ్చు.

రెండోది, ఆ మనిషికి ఎన్నిచోట్ల పని ఉంది. ఒక్క సైటా, ఒక్క యార్డా, లేక అన్నింట్లో తిరుగుతాడా? చిన్న ప్రశ్నలా కనబడుతుంది గానీ కొన్ని సాఫ్ట్‌వేర్లలో బిల్లు మారేది దీని మీదే.

మూడోది, అతను చూడకూడనిది ఏంటి. మా విషయంలో రేట్లు. ఒక పాలిష్ యూనిట్‌కి చదరపు అడుగుకు ఎంత ఇస్తున్నామో రెండో యూనిట్ ఆయన కంట పడిందంటే మర్నాడు పొద్దున్నే ఫోను.

నాలుగోది, టిక్ పెట్టింది ఎవరో తర్వాత తెలియాలా వద్దా. దీన్ని మేం తేలిగ్గా తీసుకుని దెబ్బతిన్నాం.

రెండేళ్ల కిందట సీట్ల డబ్బు (మనిషికింత అని కట్టేది) మిగుల్చుకుందామని యార్డు సూపర్‌వైజర్లు ఇద్దరికీ, క్వారీ వైపు మనిషికీ కలిపి ఒకటే లాగిన్ ఇచ్చాం. యూజర్ పేరు "యార్డ్". నాలుగు నెలలు హాయిగా నడిచింది. ఒక సాయంత్రం లోడింగ్‌కి వెళ్లి 14వ నంబరు బండిల్ చూస్తున్నా. 2 సెంటీమీటర్ల స్లాబులు. దుమ్ము కడగడానికి నీళ్లు కొట్టారు. స్లాబు ఆరుతుంటే మూల నుంచి జానెడు పొడవున వెంట్రుకంత గీత తేలింది. చుట్టూ ఆరిపోయింది, గీతలో మాత్రం తడి నిలబడింది. ఫోన్ తీసి సాఫ్ట్‌వేర్‌లో ఆ పనికి పెట్టిన కార్డు చూస్తే "క్రాక్ చెక్ అయింది" అని పచ్చగా టిక్. పెట్టింది ఎవరు? యార్డ్.

"నేను పెట్టలా అన్నా, నేనప్పుడు కట్టర్ కాడ ఉండా" అన్నాడు ఒకడు. రెండోవాడు కూడా నేను పెట్టలా అనే అన్నాడు. మూడో మనిషి ఫోనే ఎత్తలా. అబద్ధం ఎవరు చెబుతున్నారో అని కాదు, ఇద్దరూ నిజమే చెబుతున్నట్టుండటం నాకు టెన్షన్. బండిల్ విప్పించి, స్లాబు మార్చి, మళ్లీ కట్టేసరికి రాత్రి పదకొండు. లారీ ఆగినందుకు, క్రేన్ మళ్లీ పిలిచినందుకు అయిన ఖర్చు అప్పటిదాకా మిగిలిన సీట్ల డబ్బంతా మింగేసింది. తప్పు ముమ్మాటికీ మాదే. ఒక లాగిన్ ముగ్గురికి ఇవ్వడం చాలా కంపెనీల షరతులకు విరుద్ధం కూడా. ఆ సంగతి పక్కన పెట్టినా, టిక్‌కు మనిషి పేరు లేకపోతే ఆ టిక్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

## ఎవరు ఎవరిని ఉచితంగా రానిస్తారు

ధరలు, హద్దులు మారుతూ ఉంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు వాళ్ల పేజీ ఒకసారి చూసుకోండి. గెస్టు అంటే ఎవరు అన్న పద్ధతి మాత్రం అంత తొందరగా మారదు. ఎంపికకు ఆధారం అదే.

| సాఫ్ట్‌వేర్ | ఫ్రీ ప్లాన్ హద్దు | పెయిడ్‌లో బిల్లు పడనివాళ్లు | ఎక్కడ జారతాం |
|---|---|---|---|
| ట్రెల్లో | వర్క్‌స్పేస్‌కు 10 మంది, 10 బోర్డులు (పనుల కార్డులు పెట్టే పలకలు) | ఒక్క బోర్డుకే పరిమితమైన గెస్టు | రెండో బోర్డులో చేర్చగానే బిల్లులోకి వస్తాడు |
| అసానా | చిన్న టీముకే | కంపెనీ డొమైన్ (మెయిల్‌లో @ తర్వాతి పేరు) కాని మెయిల్ ఉన్న గెస్టు | కంపెనీ మెయిల్ ఇస్తే సభ్యుడే |
| మండే (monday.com) | 2 సీట్లు | వ్యూయర్లు ఎంతమందైనా | కనీసం 3 సీట్లు, ఆపైన కట్టలుగా కొనాలి |
| క్లిక్అప్ | సభ్యులకు హద్దు లేదు, స్టోరేజీ బాగా తక్కువ | గెస్టులు, ప్లాన్‌ను బట్టి ఇంతమందని | అప్‌గ్రేడ్ చేస్తే సభ్యులందరికీ బిల్లు |
| నోషన్ | సభ్యులు ఇద్దరైతే బ్లాకుల హద్దు | గెస్టులు, ప్లస్ అనే పెయిడ్ ప్లాన్‌లో 100 మంది వరకు | గెస్టును పేజీ పేజీకీ పిలవాలి |
| బేస్‌క్యాంప్ | టీముకు చాలదు | బయటి గెస్టులు | సొంత మనిషికి నెలకు 15 డాలర్లు |
| ఓపెన్‌ప్రాజెక్ట్ కమ్యూనిటీ | హద్దు లేదు | అందరూ | సర్వర్ బాధ్యత మనదే |

### ట్రెల్లో

మేం చివరికి ఆగింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. స్టాండర్డ్ ప్లాన్ ఏడాదికి కడితే మనిషికి నెలకు 5 డాలర్లు. పదహారు మందికీ అయితే 80 డాలర్లు, ఐదుగురికే అయితే 25. నెలకు 55 డాలర్లు, ఏడాదికి 660 డాలర్ల తేడా.

ఆ తేడా చేతిలో నిలవాలంటే మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఒక్క బోర్డులోనే ఉండాలి. మేం మొదట కంటైనర్‌కో బోర్డు పెట్టాం. చూడ్డానికి బాగుంది. సూపర్‌వైజర్‌ను రెండో కంటైనర్ బోర్డులో చేర్చాల్సి వచ్చేసరికి అతను రెండు బోర్డుల గెస్టు, అంటే సభ్యుడితో సమానం. అప్పుడు మొత్తం తిరగేశాం. యార్డుకంతటికీ ఒకటే బోర్డు, కంటైనర్ అందులో ఒక కార్డు, బండిళ్లు కార్డులో చెక్‌లిస్టు. డాక్యుమెంట్లకు వేరే బోర్డు, అందులో చెన్నై ఏజెంటు ఒక్కరే గెస్టు. రేట్ల బోర్డు ఆఫీసు ఐదుగురికే. ట్రెల్లో తీసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. బోర్డులు పనిని బట్టి కాకుండా మనుషుల్ని బట్టి కట్టుకోండి.

లోటు కూడా చెప్పాలి. బోర్డులోకి వచ్చినవాడికి అందులోని కార్డులన్నీ కనబడతాయి, ఒక్క కార్డును దాచడం కుదరదు. అందుకే పాలిష్ యూనిట్ల ముగ్గురికీ లాగిన్లు ఇవ్వలేదు. ముగ్గుర్నీ ఒకే బోర్డులో పెడితే ఒకరి పని ఒకరికి తెలుస్తుంది. మూడు బోర్డులు పెడితే సూపర్‌వైజర్లు మూడింట్లోనూ ఉండాలి, బిల్లు పడుతుంది. సాయంత్రం సూపర్‌వైజర్ మూడు యూనిట్లూ తిరిగొచ్చి యార్డు బోర్డులో తనే టిక్ పెడతాడు. అతనికి రోజుకు పావుగంట అదనపు పని.

ఇంకో దారి ఉంది. ఆఫీసుకు పెయిడ్ వర్క్‌స్పేస్, యార్డుకు విడిగా ఫ్రీ వర్క్‌స్పేస్. పది మంది లోపైతే ఇది చెల్లుతుంది. పెయిడ్, ఫ్రీ నిజంగా కలపడమంటే ఇదే అనుకోండి. కానీ ఒకే సమాచారం రెండుచోట్ల రాయాలి. వారం బాగానే రాస్తారు. రెండో వారం నుంచి ఒకచోట తాజా తేదీ, ఇంకోచోట పాత తేదీ.

### అసానా, మండే

ఈ రెండూ మెయిల్ చూసి మనిషిని గుర్తుపడతాయి. కంపెనీ డొమైన్ మెయిల్ ఉన్నవాడు ఇంటివాడు, వేరే మెయిల్ ఉన్నవాడు బయటివాడు. మన దగ్గర చాలా ఆఫీసులు జీమెయిల్ మీదే నడుస్తాయి. అలాంటప్పుడు లోపల ఎవరు, బయట ఎవరు అనే గీతే పడదు. అసానాలో డొమైన్ ఉంటేనే ఆర్గనైజేషన్ (కంపెనీ ఖాతా), అది ఉంటేనే గెస్టు లెక్క చక్కగా తేలుతుంది. కాబట్టి ముందు సొంత డొమైన్, దాని మీద మెయిళ్లు. ఆ మెయిళ్లు కూడా పెయిడ్ సీటు ఇవ్వదలిచినవాళ్లకే. సూపర్‌వైజర్‌కి గౌరవంగా ఉంటుందని కంపెనీ మెయిల్ ఇచ్చారా, సీటు ఖర్చు నెత్తిన పడ్డట్టే.

మండేలో వ్యూయర్లు లెక్కలేనంతమంది ఉచితం. వాళ్లు చూడగలరు, మార్చలేరు. పని ఎంతవరకు వచ్చిందో చూసుకునే యజమానికి, ఆడిటర్‌కి, ఇంటి ఓనరుకి ఇంతకంటే బాగుండేది లేదు. టిక్ పెట్టాల్సిన మేస్త్రీకి మాత్రం పనికిరాదు. సీట్లు కట్టలుగా అమ్ముతారని కూడా గుర్తుంచుకోండి. 3 తర్వాత 5, తర్వాత 10. ఆరో మనిషి వచ్చిన రోజు పది సీట్లకు కడతారు.

### బేస్‌క్యాంప్

మనిషికి 15 డాలర్లంటే ఉలిక్కిపడతాం. మా ఐదుగురికీ 75 డాలర్లు, ట్రెల్లోకు మూడు రెట్లు. అయితే ఇక్కడ గెస్టు ఎన్ని ప్రాజెక్టుల్లో ఉన్నా బిల్లు పడదు. ఒకే ఎలక్ట్రీషియన్ ఎనిమిది ఇళ్లలో పనిచేసే కాంట్రాక్టర్‌కి, ఒకే డిజైనర్ పది క్లయింట్లను చూసే ఏజెన్సీకి ఈ ఒక్క సుగుణం చాలు. సొంత ఉద్యోగులే ఇరవై మందికి చేరితే, ఎంతమందైనా వాడుకునే ప్లాన్ ఏడాదికి కడితే నెలకు 299 డాలర్లు పడుతుంది. ఇరవై పదిహేనులు మూడొందలు కాబట్టి అక్కడి నుంచి అదే చవక.

### క్లిక్అప్, నోషన్, జిరా

క్లిక్అప్ ఫ్రీ ప్లాన్‌లో ఎంతమందినైనా చేర్చొచ్చు. అది చూసి అందర్నీ సభ్యులుగా చేర్చేస్తారు. స్టోరేజీ ఫొటోలతో నిండిపోయిన రోజు అప్‌గ్రేడ్ నొక్కితే చేర్చిన ప్రతివాడికీ బిల్లు. ఫ్రీలో ఉన్నప్పుడే బయటివాళ్లను గెస్టులుగా పెట్టుకోండి.

నోషన్‌లో ఒక్కరే సభ్యులుగా ఉండి పది మంది గెస్టులను పిలుచుకుంటే ఫ్రీలోనే చాలాకాలం నడుస్తుంది. రెండో సభ్యుడు రాగానే వెయ్యి బ్లాకుల హద్దు. వాళ్ల లెక్కలో బ్లాకు అంటే ఒక పేరా, ఒక బొమ్మ. మా దగ్గర బ్లాకు అంటే ఇరవై టన్నుల రాయి, వెయ్యి బ్లాకులంటే మా సార్ కళ్లు మెరిశాయి. ఫ్రీలో ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు కూడా. స్లాబు ఫొటోలు పూర్తి నాణ్యతతో పెట్టేవాళ్లకు అది చాలదు.

జిరా ఫ్రీలో 10 మంది. పదకొండో మనిషితో పదకొండుగురికీ కట్టాలి. సాఫ్ట్‌వేర్ రాసే టీములకు సరే, యార్డు మనిషి చేతిలో పెట్టే సరుకు కాదది.

### సొంత సర్వర్

ఓపెన్‌ప్రాజెక్ట్ కమ్యూనిటీ ఎడిషన్, రెడ్‌మైన్ లాంటివి సొంత సర్వర్ మీద పెట్టుకుంటే మనిషికింత అన్న లెక్కే ఉండదు. వంద మందైనా ఒకటే. సర్వర్ అద్దె, బ్యాకప్, అప్‌డేట్లు మనవి. మా దగ్గర ఆ పని తెలిసిన కుర్రాడు ఒకడుండేవాడు, హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడు. మీ కుర్రాడూ వెళ్తాడు. ఆఫీసులో కనీసం ఇద్దరికి ఆ పని రాకపోతే ఇటు చూడకండి.

## బిల్లు కట్టే రోజు

పోలికల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. విదేశీ కంపెనీకి డాలర్లలో కడితే బ్యాంకు మార్పిడి ఛార్జీ పైన పడుతుంది. జీఎస్టీ 18 శాతం. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి నంబరు ఇస్తే రివర్స్ ఛార్జ్ (అమ్మినవాళ్ల బదులు కొన్నవాళ్లే పన్ను కట్టడం) కింద మీరే కట్టి, అర్హతను బట్టి ఆ పన్నుకు క్రెడిట్ తీసుకోవాలి. లేకపోతే వాళ్లే బిల్లులో కలిపి వసూలు చేస్తారు. ముందే మీ ఆడిటర్‌తో ఒక మాట అనుకోండి.

ఆటో డెబిట్ ఇంకో తలనొప్పి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల కార్డు మీద నెలనెలా కట్ అయ్యే చెల్లింపులకు ముందస్తు అనుమతి నమోదు కావాలి. ఇప్పటి హద్దు ప్రకారం 15 వేల రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. కార్డు ఫెయిలైన నెల పెయిడ్ వర్క్‌స్పేస్ ఫ్రీకి జారిందంటే, ఫ్రీ హద్దు దాటి ఉన్న మనుషులు, బోర్డులు ఇరుక్కుంటాయి. వీలైతే ఏడాదికి ఒకేసారి కట్టేయండి. రూపాయల్లో బిల్లు కావాలనుకుంటే చెన్నై కంపెనీ జోహో వాళ్ల ప్రాజెక్ట్స్ కూడా చూడండి, జీఎస్టీ ఇన్‌వాయిస్ నేరుగా వస్తుంది.

## ఎవరికి ఏది

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో వేదాయపాళెంలోనో ఆఫీసు పెట్టుకుని ఐదారు సైట్లు నడిపే సివిల్ కాంట్రాక్టర్లకు: మేస్త్రీ ఒక్క సైట్‌కే కట్టుబడి ఉంటే సైట్‌కో ట్రెల్లో బోర్డు చాలు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ అన్ని సైట్లూ తిరుగుతుంటే బేస్‌క్యాంప్ లెక్క వేసి చూడండి. ఇంటి ఓనర్లను మాత్రం పని జరిగే బోర్డులోకి పిలవొద్దు. సిమెంటు బస్తాల కార్డు చూసి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తారు.

రొయ్యల చెరువులకు సలహాలిచ్చే టెక్నీషియన్లకు: రైతుకు లాగిన్ ఇవ్వడం వృథా. చెక్ ట్రేలో మేత ఎంత మిగిలింది, నీటి పరీక్షలో ఏం తేలింది, ఎన్ని చనిపోయాయి, ఇవి ఒక గూగుల్ ఫారంలో నింపితే షీట్‌లో వచ్చి పడతాయి. అకౌంటు లేని మనిషికి ఏ కంపెనీ బిల్లు వేయదు. మీ టీములో ఇద్దరు ముగ్గురుంటే వాళ్లకు ఏ ఫ్రీ ప్లానైనా సరిపోతుంది.

కావలిలోనో ఒంగోలులోనో ఇంటి నుంచి వెబ్‌సైట్లు, డిజైన్లు చేసే నలుగురైదుగురి బృందాలకు: క్లయింట్లు చూసి కామెంట్ పెడితే చాలు, కాబట్టి నోషన్ గెస్టులు లేదా సొంత డొమైన్‌తో అసానా. ఒక క్లయింటు పేరు ఇంకొకరికి కనబడకుండా చూసుకోండి.

పది మంది లోపు ఉండి అందరూ ఒకేలా పనిచేసే ఆఫీసులకు: ఇంత లెక్క అక్కర్లేదు. ట్రెల్లో ఫ్రీలో మొదలుపెట్టి, పదో మనిషి చేరాక ఆలోచించండి. పిలిచి ఇంకా రానివాళ్లు, గెస్టులు కూడా ఆ పదిలో లెక్కేనని మాత్రం మరవొద్దు.

యార్డు, సైటు మనుషులకు లాగిన్ ఇచ్చేముందు మా దగ్గర పనికొచ్చిన చిట్కా ఒకటుంది. మెనూలు ఇంగ్లీషులో ఉన్నా కార్డు పేర్లు, చెక్‌లిస్టు తెలుగులోనే రాశాం. "తడిపి గీతలు చూడాలి", "ఆరేదాకా ఆగాలి", "అంచు చూడాలి", "బండిల్ నంబరు రాయాలి". నాలుగు టిక్‌లు, ఎవరి టిక్ కింద వాళ్ల పేరు. బండిల్ 14 లాంటిది తర్వాత మళ్లీ జరగలేదు.

ఇప్పుడు మా లెక్క: పెయిడ్ ఐదుగురు, ఒక్క బోర్డు గెస్టులు నలుగురు, అకౌంటే లేనివాళ్లు ఏడుగురు. ఇన్‌స్పెక్టర్లకు ఫొటోలు మెయిల్‌లో వెళ్తాయి. ట్రాన్స్‌పోర్టు ఇద్దరూ ఫోన్లోనే, లారీ నంబరు నేనే ఎక్కిస్తా. పాలిష్ యూనిట్లలో పెద్దాయన మాత్రం పోయిన వారం, "నాకూ ఆ యాప్‌లో పేరు పెట్టొచ్చుగా, రోజూ మీ వాడు వచ్చి అడగటమెందుకు" అన్నాడు. మాట న్యాయమైనదే. యార్డు బోర్డులో పెడితే మిగతా ఇద్దరికీ ఎంత పని ఇస్తున్నామో ఆయనకు కనబడుతుంది. వేరే బోర్డు పెడితే ఇద్దరు సూపర్‌వైజర్లూ బిల్లులోకి వస్తారు, నెలకు పది డాలర్లు. మా సార్ ఇంకా ఆలోచిస్తున్నారు.